అరటితొక్క మీద కాలు: పాత అమెరికన్ పత్రికల కార్టూన్లలో స్లాప్‌స్టిక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్లాప్‌స్టిక్ అంటే అసలేమిటి? ఆ పేరెక్కడిది?

జారటం, పడటం, గుద్దుకోవటం, మొహం మీదికి ఏదో ఒకటి ఎగిరి రావటం. ఒంటితో పుట్టే నవ్వు అది, మాటతో పనిలేదు. పేరు మాత్రం నిజంగానే ఒక కర్రది. పదహారో శతాబ్దం నుంచి ఇటలీలో ఆడిన కొమ్మెడియా డెల్లార్టె నాటకాల్లో హాస్యగాడి చేతిలో రెండు బద్దలు జోడించిన కర్ర ఉండేది. బటాక్కియో అనేవారు దాన్ని. కొడితే దెబ్బ తగలదు, చప్పుడు మాత్రం చెళ్ళుమంటుంది. అదే ఇంగ్లిష్ రంగస్థలం మీదికొచ్చి స్లాప్‌స్టిక్ అయింది. పాటలు, గారడీలు, హాస్యం కలిపి ఆడే అమెరికా వాడెవిల్ నాటకశాలలు దాన్ని బాగా అరగదీశాయి.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు. బంగారక్క కేతిగాడిని వాయిస్తుంటే తెర వెనక ఆడేవాళ్ళు కాలికింద చెక్కని టపటపా తొక్కుతారు. దెబ్బ తోలుకి, చప్పుడు చెక్కకి, నవ్వు మనకి.

అంటే స్లాప్‌స్టిక్ పుట్టుకలోనే చప్పుడుంది, కదలికుంది. పత్రికలో అచ్చయ్యే కార్టూన్‌కి ఆ రెండూ లేవు. ఈ పేజీలో వచ్చే కార్టూనిస్టులందరూ ఆ లోటుతో తంటాలు పడ్డవాళ్ళే.

కదలని బొమ్మలో మనిషి పడటాన్ని ఎలా చూపిస్తారు?

అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. నాకు ఇష్టమైనదీ ఇదే.

పడటానికి మూడు ఘట్టాలుంటాయి: పడేముందు, పడుతుండగా, పడ్డాక. సినిమా మూడూ చూపించగలదు. ఒకే గడి ఉన్న కార్టూన్ ఒక్కటే చూపించాలి, మిగతా రెండూ చదివేవాడి బుర్రలో ఆడాలి. కాబట్టి ఏ క్షణాన్ని గీయాలో తేల్చుకోవటంలోనే ఉంది కార్టూనిస్టు తెలివంతా. గీత ఎంత బాగున్నా క్షణం తప్పితే నవ్వు పండదు.

పడుతుండగా గీయటం అన్నిటికంటే తేలిక, చాలాసార్లు అన్నిటికంటే పేలవం కూడా. కాళ్ళు పైకి, టోపీ గాల్లోకి, అయిపోయింది, ఊహించటానికి ఇంకేం మిగల్లేదు. పడేముందు గీస్తే భయం కలిసిన నవ్వొస్తుంది. మనకి తెలుసు, బొమ్మలో ఉన్నవాడికి తెలీదు. పడ్డాక గీయటం అన్నిటికంటే కష్టం. ఏం జరిగి ఉంటుందో ఆనవాళ్ళు పట్టుకుని మనమే వెనక్కి నడవాలి. పాత అమెరికన్ పత్రికల్లో ఈనాటికీ గుర్తున్న బొమ్మలు ఎక్కువగా పడేముందు రకమో పడ్డాక రకమో అయి ఉండటం నాకేం ఆశ్చర్యం కాదు.

పాత పత్రికలంటే ఏ పత్రికలు?

రెండు తరాలు. మొదటి తరంలో హాస్యానికే పుట్టినవి మూడు. జోసెఫ్ కెప్లర్ న్యూయార్క్‌లో 1877లో ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన పక్, 1881లో వచ్చిన జడ్జ్, 1883లో వచ్చిన లైఫ్. ఈ లైఫ్‌కీ తర్వాతి ఫొటోల లైఫ్‌కీ సంబంధం ఒక్క పేరే. 1936లో హెన్రీ లూస్ ఆ పేరు కోసమే హాస్యపత్రికని కొనేశాడు. పక్ 1918లో, జడ్జ్ 1947లో ఆగిపోయాయి.

రెండో తరంలో కథలు, వ్యాసాలు, ప్రకటనల మధ్య కార్టూన్లు వేసే పెద్ద పత్రికలు: సాటర్డే ఈవెనింగ్ పోస్ట్, కోలియర్స్, 1925లో హెరాల్డ్ రాస్ మొదలుపెట్టిన న్యూయార్కర్, 1933 నుంచి ఎస్క్వైర్. ఈ రెండు తరాల్లోనూ ఇమడని వింతజంతువు మ్యాడ్. దాని సంగతి తర్వాత.

రోజువారీ పేపర్లలో వచ్చే స్ట్రిప్పులు వేరే సంసారం. అవసరమైన చోట వాటిని తొంగిచూస్తాను, అంతే.

ఈ రకం బొమ్మలకి ఆద్యుడెవరు?

ఒక్కరి పేరే చెప్పమంటే ఎ. బి. ఫ్రాస్ట్ (1851–1928) పేరు చెబుతాను. ఫిలడెల్ఫియావాడు. రంగులు సరిగా కనపడని మనిషి. అందుకే కావచ్చు, బలమంతా గీతలో పెట్టాడు. 1881లో హార్పర్స్ మంత్లీలో ఒక పిల్లి కథ గీశాడు. ఎలుకల కోసం పెట్టిన మందు పిల్లి తింటుంది. ఇక చూడండి, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది, ఇల్లంతా చిందరవందర, అడ్డొచ్చిన మనుషులు ఒకపక్క, సామాన్లు ఇంకోపక్క. విషయం విషాదమే, పాపం. అయినా నవ్వాగదు. ఆ నవ్వుకి కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

ఫ్రాస్ట్ గొప్పదనం ఎక్కడుందంటే గడికీ గడికీ మధ్య వదిలిన ఖాళీలో. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా ఫొటోలు తీసి, నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉండే క్షణం ఉందని చూపించాడు. ఆ ఫొటోల మీద అమితంగా మోజుపడ్డ థామస్ ఈకిన్స్ దగ్గర ఫ్రాస్ట్ చిత్రకళ నేర్చుకున్నాడు. అందుకని అతని పిల్లి మామూలు కార్టూన్ పిల్లి కాదు. ఒళ్ళు మెలితిరిగే తీరు చూస్తే ఎముకలెక్కడున్నాయో గీసినవాడికి తెలుసని మనకి తెలిసిపోతుంది. అబద్ధం ఆడాలంటే ముందు నిజం తెలియాలి కదా.

ఇంకొకటి కూడా కలిసొచ్చింది. అంతకుముందు చిత్రకారుడు గీసినదాన్ని చెక్క మీద చెక్కేవాడు వేరే ఉండేవాడు. 1880ల్లో పెన్ను గీతని ఫొటో తీసి నేరుగా లోహపు అచ్చు చేసే పద్ధతి వ్యాపించింది. వేగంగా గీసిన గీత ఆ వేగంతోనే కాగితం మీదికి వచ్చింది.

ఇదంతా మూకీ సినిమాల నుంచి తెచ్చుకున్నదే కదా?

తిరగేసి చెప్పారు. మూకీ హాస్యచిత్రాలు తీసిన మాక్ సెనెట్ కీస్టోన్ స్టూడియో మొదలైంది 1912లో. అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా పత్రికల్లో మనుషులు పడుతున్నారు. 1895లో లూమియేర్ సోదరులు తీసిన తోటమాలి చిత్రం, అదే, కుర్రాడు నీళ్ళ గొట్టం తొక్కిపట్టి వదిలితే తోటమాలి మొహం తడిసిపోయేది, తొలి హాస్యచిత్రాల్లో ఒకటని అందరూ చెబుతారు. ఆ తమాషా అప్పటికే ఫ్రెంచ్ పత్రికలో వరస బొమ్మలుగా వచ్చేసింది. తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాలు రెండువైపులా జరిగాయి, అది నిజమే. అప్పు మొదట పుచ్చుకున్నది మాత్రం సినిమానే.

అరటితొక్క మీద జారటం నిజంగా జరిగేదా, ఊరికే కార్టూన్ అలవాటా?

నిజంగానే జరిగేది. అరటిపండు మనకి తరతరాల చుట్టం, అమెరికాకి మాత్రం కొత్త అతిథి. 1876లో ఫిలడెల్ఫియా శతజయంతి ప్రదర్శనలో రేకు కాగితం చుట్టి ఒక్కో పండు పది సెంట్లకి అమ్మారు. ఆ తర్వాత కరీబియన్ నుంచి ఓడలు నిండుగా రావటం మొదలై ధర పడిపోయింది, వీధుల్లో నడుస్తూ తినే పండయింది. తొక్క ఎక్కడ వేస్తారు? కాలిబాట మీదే. చెత్త ఎత్తే ఏర్పాటు అంతంతమాత్రం. 1879 నాటికే తొక్కలు కాలిబాట మీద పారేయటం ఎంత తప్పో హార్పర్స్ వీక్లీ మందలించింది. 1890ల్లో న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉన్న థియొడోర్ రూజ్వెల్ట్ కూడా తొక్కలు పారేసేవాళ్ళ మీద పడ్డాడు. తర్వాత దేశాధ్యక్షుడైన రూజ్వెల్ట్ ఆయనే.

కాబట్టి మొదట్లో అది వార్త, తర్వాత జోకు. జోకు పాతబడ్డాక వచ్చిందొక బొమ్మ. 1935 ఫిబ్రవరి 23 నాటి సాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌లో లిటిల్ లులు అనే పిల్ల తొలిసారి కనిపించింది. గీసినది మార్జ్, అంటే మార్జొరీ హెండర్సన్ బ్యూయెల్. చర్చిలో పెళ్ళి. పెళ్ళికూతురి ముందు పూలు చల్లుతూ నడవాల్సిన పిల్ల లులు. ఆమె చల్లుతున్నది పూలు కాదు, అరటితొక్కలు.

ఎవరూ పడలేదు, గమనించండి. బొమ్మ అక్కడే ఆగిపోయింది. వెనకాల నడిచొచ్చే పెళ్ళివారి సంగతి మనమే ఊహించుకోవాలి. అరవై ఏళ్ళు అరిగిపోయిన తొక్కని మార్జ్ ఒక్క క్షణం ముందుకి జరిపి మళ్ళీ జారేలా చేసింది.

రూబ్ గోల్డ్‌బర్గ్ యంత్రాలు స్లాప్‌స్టిక్ కిందికి వస్తాయా?

వస్తాయని నా పట్టుదల. కాదనేవాళ్ళున్నారు, అందులో ఎవరూ పడరని. పడేవి వస్తువులు, అంతే తేడా.

గోల్డ్‌బర్గ్ 1883లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. బర్క్‌లీలో ఇంజినీరింగ్ చదివి, ఊరి నీళ్ళూ మురుగుకాలవల శాఖలో ఆరు నెలలు పనిచేసి, ఇక నావల్ల కాదని పత్రికాఫీసులో చేరాడు. మురుగు గొట్టాల పటాలు గీసిన చెయ్యి ఊరికే పోలేదు. 1929 నుంచి 1931 దాకా కోలియర్స్‌లో ప్రొఫెసర్ లూసిఫర్ గోర్గన్‌జోలా బట్స్ అనే మేధావి కనిపెట్టినవంటూ యంత్రాలు గీశాడు. వాటిలో 1931 నాటి మూతి తుడిచే యంత్రం బాగా ప్రసిద్ధం. వివరంగా చెప్పుకోవాలి, క్లుప్తంగా చెబితే మజా పోతుంది.

సూపు చెంచా నోటి దగ్గరికి ఎత్తగానే దానికి కట్టిన తాడు లాగుతుంది. తాడు ఒక గరిటెని కుదుపుతుంది. గరిటెలోని బిస్కెట్టు చిలక పక్కనుంచి ఎగురుతుంది. చిలక దానికోసం దూకుతుంది. చిలక కూర్చున్న కర్ర వంగి గింజలు బాల్చీలో పడతాయి. బరువుకి బాల్చీ కిందికి దిగి ఇంకో తాడు లాగితే సిగార్ లైటర్ వెలుగుతుంది. లైటర్ తారాజువ్వని అంటిస్తుంది. జువ్వకి కట్టిన కొడవలి ఒక దారాన్ని తెంపుతుంది. దారం తెగగానే రుమాలు కట్టిన లోలకం అటూ ఇటూ ఊగి పెద్దమనిషి గడ్డం తుడుస్తుంది.

ఒక్క తుడుపుకి ఇంత హంగామా. దీన్ని ఏబీసీడీల వరసలో, మొహం చిట్లించకుండా, పాఠ్యపుస్తకంలా వివరించటమే అసలు హాస్యం. చూసేవాడి కన్ను ఒక్కో అక్షరం వెంట నడుస్తుంది కాబట్టి కదలని బొమ్మ కదిలినట్టే ఉంటుంది. కదలిక లేదన్న చిక్కుని ఇంత సూటిగా విప్పినవాడు ఇంకొకడు లేడు: కదలాల్సిన పని పాఠకుడికి అప్పజెప్పాడు. 1931లోనే అతని పేరు నిఘంటువులో విశేషణంగా ఎక్కింది. 1948లో పులిట్జర్ వచ్చింది గానీ అది అణుబాంబు మీద గీసిన రాజకీయ కార్టూన్‌కి. చిలకకి ఎవరూ బహుమతి ఇవ్వలేదు.

న్యూయార్కర్ అంటే నాజూకైన పత్రిక కదా, అక్కడ స్లాప్‌స్టిక్ ఏమిటి?

నాజూకైనవాళ్ళు జారిపడితేనే కదా ఇంకా బాగుండేది. న్యూయార్కర్ కార్టూన్లంటే సోఫాలో కూర్చుని మాట్లాడుకునే మనుషులేనని చాలామంది అనుకుంటారు. ఈ మూడు చూడండి.

పీటర్ ఆర్నో, 1941 మార్చి 1. విమానం కూలి నేలలో గుచ్చుకుపోయి ఉంది. అందరూ అటు పరుగెడుతున్నారు. ఒక్కడు మాత్రం చంకలో నక్షా చుట్ట పెట్టుకుని ఇటు నడిచొస్తున్నాడు. సరే, మళ్ళీ గీత బల్ల దగ్గరికే పోదాం అంటాడు. కూలటం గీయలేదు. కూల్చినవాడి నిదానం గీశాడు. ఆ మాట తర్వాత ఇంగ్లిష్‌లో నుడికారమైపోయింది, దాని వెనక కార్టూన్ ఉందని తెలియకుండానే జనం వాడుతున్నారు.

చార్లెస్ ఆడమ్స్, 1940 జనవరి. మంచుకొండ మీద స్కీయింగ్ చేస్తూ ఒకరు దిగిపోతున్నారు. వెనక మంచులో రెండు గాడులు. దారిలో ఒక చెట్టు. ఒక గాడి చెట్టుకి ఎడమ, ఇంకో గాడి చెట్టుకి కుడి. ఇంకొకరు నిలబడి తెల్లబోయి చూస్తున్నారు. మాట లేదు. ఎలా? అని మనం అడుగుతూనే ఉంటాం, బొమ్మ బదులు చెప్పదు. గుద్దుకోవటం లేని గుద్దుడు ఇది. నన్నడిగితే ఈ రంగంలో ఇంతకు మించిన బొమ్మ లేదు.

మూడోది జేమ్స్ థర్బర్‌ది. దానికి విడిగా ఒక ప్రశ్నే ఉంది.

న్యూయార్కర్‌లో మంగళవారం మంగళవారం కార్టూన్ల సమావేశం జరిగేది. సంపాదకుడు రాస్ చేతిలో అల్లిక సూది పట్టుకుని బొమ్మలో తప్పులు పొడిచి చూపించేవాడు. ఎవరు మాట్లాడుతున్నారు? ఈ తలుపు ఎటు తెరుచుకుంటుంది? ఇవీ అతని ప్రశ్నలు. గీసినవాళ్ళకి చిరాకే. కానీ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియకపోతే ముక్కుకి తగిలేది ఎప్పుడో కూడా తెలియదు. పాపం రాస్‌ని అందరూ ఛాదస్తుడన్నారు గానీ స్లాప్‌స్టిక్‌కి ఆ ఛాదస్తం కావాలి.

మనిషి తల తెగిపోతే నవ్వేమిటండీ?

1932 డిసెంబర్ న్యూయార్కర్‌లో వచ్చిన థర్బర్ బొమ్మ గురించే అడుగుతున్నారు. ఇద్దరు కత్తిసాము చేస్తున్నారు. ఒకడి కత్తి రెండోవాడి తలని శుభ్రంగా ఎగరగొట్టేసింది. కొట్టినవాడు కత్తిసాము భాషలో టుషే అంటున్నాడు, అంటే తగిలింది అని.

ఈ ఊహ మొదట కార్ల్ రోజ్ అనే మంచి చిత్రకారుడిది. ఆయన మనుషుల్ని మనుషుల్లా గీస్తాడు, అదే ఇబ్బందయింది. తల తెగితే రక్తం గుర్తొస్తుంది. అందుకని పని థర్బర్‌కి ఇచ్చారు. థర్బర్ మనుషులు అప్పడాల పిండి ముద్దల్లా ఉంటారు, ఒంట్లో రక్తం ఉందంటే ఎవరూ నమ్మరు. ఆ తలని తీసి మళ్ళీ మెడ మీద పెడితే అతుక్కుపోతుందనిపిస్తుంది. అందుకే నవ్వొచ్చింది.

స్లాప్‌స్టిక్‌లో దెబ్బ ఎంత పెద్దదన్నది కాదు లెక్క, ఒళ్ళు దేనితో చేశారన్నది లెక్క. బాగా గీయటం వచ్చినవాడు ఓడిపోయి, రానట్టు కనిపించేవాడు గెలిచిన సందర్భం ఇది. ఇంకో సంగతి: థర్బర్‌కి ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. అన్నదమ్ములు బాణాలతో ఆడుకుంటుంటే తగిలింది. ఆటలో దెబ్బ నిజమైతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి రక్తం లేని దెబ్బ గీశాడు.

చేతికి పది పదిహేను వేళ్ళు గీసేవాడొకడు ఉండేవాడట, నిజమేనా?

నిజమే. వర్జిల్ పార్చ్, సంతకం వీఐపీ. డిస్నీ స్టూడియోలో పనిచేసి, 1941 సమ్మెలో పాల్గొని, బయటికొచ్చాక కోలియర్స్‌లో స్థిరపడ్డాడు. చేతికి పని ఉంటే వేళ్ళు లెక్కకి సరిపోతాయి, ఊరికే వేలాడుతుంటే గుత్తులు గుత్తులు. ఆడమ్స్ బొమ్మలో లోకం వింత, మనుషులు మామూలు. పార్చ్ బొమ్మలో ఒళ్ళే వింత. ఇంగ్లిష్ నుడికారాలని అక్షరాలా పట్టుకుని ఒంటి మీద ఆడించటం అతని ప్రత్యేకత. ఆ బొమ్మల్లో సగం అనువాదానికి లొంగవు.

పరుగెత్తేవాడి వెనక గీతలు, తల చుట్టూ ఎగిరే చుక్కలు, వీటికి పేర్లున్నాయా?

ఉన్నాయి, సరదాగా పెట్టినవే. బీటిల్ బెయిలీ స్ట్రిప్ గీసిన మోర్ట్ వాకర్ ముందు సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ లాంటి పత్రికలకి కార్టూన్లు అమ్మి బతికినవాడు. ఈ గుర్తులన్నిటికీ పేర్లు పెట్టి 1980లో పుస్తకమే వేశాడు. తల చుట్టూ ఎగిరే చెమటచుక్కలు ప్లూడ్లు. పరుగు మొదలెట్టిన చోట మిగిలే దుమ్ము ముద్ద బ్రిఫిట్. బూతులకి బదులు గీసే చుట్టలూ మెరుపులూ గ్రాలిక్స్. వెటకారంగా మొదలుపెట్టినదాన్ని తర్వాతివాళ్ళు పాఠంలా నేర్చుకున్నారు. ఒకరకంగా అదే పెద్ద జోకు.

మ్యాడ్ గురించి చెప్పరేం?

చెప్పకుండా ఎలా ఉంటాను? ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద అట్ట లేని మ్యాడ్ సంచిక కొనుక్కుని ఇంటికెళ్ళి, ఇంగ్లిష్ సగం అర్థం కాకపోయినా పొట్టచెక్కలయ్యేలా నవ్విన బాపతు నేను. అర్థం కాకపోయినా నవ్వానంటే కారణం ముగ్గురు.

మ్యాడ్ 1952లో కామిక్ పుస్తకంగా పుట్టి 1955లో పత్రికైంది. మరుసటి ఏడాది డాన్ మార్టిన్ చేరాడు. పొడుగు గడ్డాలు, ముందుభాగం మడతబందులా కిందికి వంగే పాదాలు, తల మీద ఇనప దిమ్మ పడితే పచ్చడిబండ కింద మిరపకాయలా నలిగే మొహాలు. అన్నిటికీ మించి చప్పుళ్ళు. ష్‌టోయింక్! కూలే కట్టడానికి ఫగ్రూన్, ఆపైన రాళ్ళు దొర్లే క్లబుల్ క్లబుల్! మామూలు కామిక్కుల్లో బ్యాంగ్, క్రాష్ అని రాస్తే సరిపోయేది. మార్టిన్ బొమ్మల్లో ఏ వస్తువు ఏ వస్తువుకి తగిలితే ఏ చప్పుడో విడివిడిగా ఉంటుంది. ఫెళ్ళుమనటం, ధబ్బుమనటం, టపుక్కుమనటం, చెళ్ళుమనటం వేరువేరని పుట్టుకతోనే తెలిసిన తెలుగువాళ్ళకి ఇది వెంటనే తలకెక్కుతుంది. మొదట చెప్పిన బటాక్కియో కర్ర చప్పుడు కాగితం మీదికి తిరిగొచ్చింది మార్టిన్ దగ్గరే. ఆ ష్‌టోయింక్‌ని అతను తన కారు నంబర్ ప్లేటు మీద కూడా వేయించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు గీశాక, తన బొమ్మల హక్కుల విషయంలో తగువొచ్చి 1987లో బయటికెళ్ళిపోయాడు.

రెండోవాడు ఆంటోనియో ప్రోహియాస్. క్యూబాలో పేరున్న కార్టూనిస్టు, కాస్ట్రో మీద గీసిన బొమ్మలతో చిక్కుల్లో పడి 1960లో న్యూయార్క్ వచ్చాడు. 1961 నుంచి నల్ల గూఢచారి, తెల్ల గూఢచారి ఒకరినొకరు బాంబులతో పేల్చుకునే మాటల్లేని బొమ్మలు గీశాడు. ఈసారి ఒకడు, వచ్చేసారి ఇంకొకడు. ప్రచ్ఛన్నయుద్ధం అంటే ఏమిటో పాఠం చదవకముందే నాకు అర్థమైంది అక్కడే.

మూడోవాడు సెర్జియో అరగోనెస్, మెక్సికోలో పెరిగి 1962లో వచ్చాడు. పేజీ అంచుల్లో, గడుల మధ్య ఖాళీల్లో గోరంత బొమ్మలు. భూతద్దం కావాలి.

ముగ్గురిలో ఇద్దరికి వచ్చిన కొత్తలో ఇంగ్లిష్ సరిగా రాదు. మాటల్లేని హాస్యం వాళ్ళకి అవసరం. మాకూ అదే అవసరం.

ఈ బొమ్మల్లో పడేది ఎప్పుడూ ఎవరు?

ఇబ్బందిపెట్టే ప్రశ్న, తప్పించుకోకూడదు. పక్, జడ్జ్ రోజుల్లో ఎక్కువగా పడినవాళ్ళు ఐరిష్ పనిమనుషులు, యూదు వర్తకులు, నల్లజాతివాళ్ళు, కొత్తగా ఓడ దిగినవాళ్ళు. ఫ్రెడరిక్ ఓపర్ 1883లో పక్‌లో గీసిన ఒక బొమ్మలో ఐరిష్ వంటమనిషి కోతిమొహంతో, యజమానురాలి మీద పిడికిలి ఎత్తి, వంటిల్లంతా బీభత్సం చేస్తుంటుంది. జడ్జ్‌లో గీసిన జిమ్, అంటే యూజీన్ జిమ్మర్‌మన్, గీతలో అపారమైన ప్రాణం ఉన్నవాడు. అదే గీత నల్లవాళ్ళని హేళన చేయటానికీ వాడాడు. ఆ బొమ్మలు చూస్తే ఇప్పుడు నవ్వు రాదు, రాకూడదు కూడా.

తర్వాత పడేవాడు మారాడు. పొడుగు టోపీ పెట్టుకున్న బ్యాంకరు, బొజ్జ ముందుకొచ్చిన క్లబ్బు పెద్దమనిషి. టోపీ ఎంత ఎత్తుంటే మంచుముద్ద అంత బాగా తగులుతుంది. కింద ఉన్నవాడు పడితే హేళన, పైనున్నవాడు పడితే హాస్యం అని పూర్తిగా అనను, ఆడమ్స్ చెట్టు ఆ లెక్కలో ఇమడదు. అయినా పాత సంచిక తిరగేసేటప్పుడు నా కన్ను ముందు వెతికేది పడేవాడు ఎవరన్నదే.

నల్లజాతి కార్టూనిస్టు ఇ. సిమ్స్ క్యాంప్‌బెల్ 1933లో ఎస్క్వైర్ మొదలైనప్పటి నుంచీ దాని పేజీలకి మూలస్తంభం. చాలామంది పాఠకులకి ఆ బొమ్మల కింద సంతకం నల్లవాడిదని తెలియనే తెలియదు.

ఈ కార్టూన్లు ఎలా అమ్మేవారు?

బుధవారం సంత అనుకోండి. కార్టూనిస్టులు పెన్సిల్ ముసాయిదాలు చంకలో పెట్టుకుని న్యూయార్క్‌లో ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగేవారు. ఎక్కువ సొమ్మిచ్చే పత్రిక దగ్గర మొదలుపెట్టి, అక్కడ వద్దన్నవి తక్కువిచ్చే చోటికి. సాయంత్రానికి పది గడపలు తొక్కిన జోకు కూడా ఉండేది. గీసేవాడొకడు, ఊహ రాసేవాడొకడుగా కూడా నడిచేది. రాసినవాడికి సాధారణంగా పాతిక శాతం వాటా.

తెలుగు కార్టూన్లకి వీటితో చుట్టరికం ఉందా?

పోలికలున్నాయి. వంటింటి ఆయుధం అక్కడా ఇక్కడా ఒకటే. జార్జ్ మెక్‌మానస్ 1913 నుంచి పేపర్లో గీసిన మ్యాగీ చేతిలో రోలింగ్ పిన్ను, మన వారపత్రికల ఇల్లాలి చేతిలో అప్పడాల కర్ర. అర్ధరాత్రి తలుపు వెనక నిలబడే భంగిమ కూడా అదే.

తేడా పెద్దది. తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు తర్వాత మన కార్టూన్ ప్రధానంగా మాటకారి. బాపు బొమ్మలో గీత ఎంత ఒయ్యారంగా ఉన్నా, కింద మాట తీసేస్తే చాలాసార్లు జోకు సగమే మిగులుతుంది. వెటకారం మనకి నాలుక మీద ఉంటుంది, ఒంటి మీద కాదు. జయదేవ్ మాటల్లేని బొమ్మలు చూసినప్పుడల్లా ఈ దారిలో ఇంకొంతమంది నడిచి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మరి ఎందుకు తగ్గిపోయింది?

ప్రకటనలు టీవీకి వెళ్ళాయి. కోలియర్స్ 1957 జనవరిలో మూతపడింది, పోస్ట్ వారపత్రికగా 1969లో. కార్టూన్లు కొనే చోట్లే పోయాయి. కదిలే దెబ్బ ఇంట్లోనే ఉచితంగా దొరుకుతుంటే కదలని దెబ్బకి గిరాకీ ఏముంటుంది?

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు? వాడుకోవచ్చా?

పక్, జడ్జ్, పాత లైఫ్ సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, హతీట్రస్ట్‌లో బోలెడున్నాయి. న్యూయార్కర్ పాత సంచికలన్నీ చందాదారులకి దొరుకుతాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఒహాయో రాష్ట్రం కొలంబస్ వైపు వెళితే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోని బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీ చూడకుండా రావద్దు.

వాడుకోవటం సంగతి: అమెరికాలో ఈ కాలం నాటి ప్రచురణలకి 95 ఏళ్ళు నిండాక, ఆ తర్వాతి జనవరి 1 నుంచి హక్కులుండవు. ఫ్రాస్ట్ పిల్లిని నిశ్చింతగా వాడుకోండి. ఆడమ్స్ చెట్టు జోలికి వెళ్ళొద్దు. ఇండియాలో లెక్క వేరు, చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు.

అన్నీ చూసే తీరిక లేదు. ఒక్కటి చూడమంటే?

ఫ్రాస్ట్ పిల్లి. గడి గడికీ ఆగి చూడండి, మిగతా గడులు అరచేత్తో మూసి. తర్వాత గడిలో పిల్లి ఎక్కడుంటుందో ముందే ఊహించి చెయ్యి తీయండి. నేను ఇప్పటికి ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు, పిల్లి ఎప్పుడూ నేననుకున్న చోట ఉండలేదు.